రాతి బార్బరా రవిక

మే 3, ఆదివారం

రవిక పట్టలేదు.

నాలుగేళ్ళ కిందట ఊరేగింపులో వేసుకున్నదే. నార బట్ట బీరువాలో పెడితే దానంతటదే కుంచించుకుపోతుందని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు లేదు. చదవలేదేమో. ముందు వైపు తాడు కన్నాలు రెండు వరసలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి గాని కలిసే ఉద్దేశం లేదు. మధ్యలో నాలుగు వేళ్ళ ఖాళీ. ఊపిరి బిగబడితే మూడు. ఊపిరి బిగబట్టి మూడు గంటలు ఊరంతా నడవడం కుదరదు.

జూన్ 7న బట్టల తనిఖీ. 28న నాలుగేళ్ళకోసారి జరిగే ఉప్పు ఊరేగింపు. తనిఖీలో తప్పితే ఊరేగింపు ముందు ఉప్పు పళ్ళెం మోసే మొదటి ఉప్పుతల్లి స్థానం రిజర్వులో ఉన్న మనిషికి పోతుంది. మా ఊళ్ళో ఒకసారి పోయిన స్థానం తిరిగి రాదు. బేకరీ వాళ్ళ ఎర్నా కాలు విరిగి ఒక్కసారి వదులుకుంది. ఇప్పటికీ వెనక గుంపులో బాతులు తోలుతోంది.

రిజర్వులో ఉన్నది కొర్డూలా. నా మొగుడు వెళ్ళిపోయాక చేరింది ఆమె దగ్గరకే. మొగుడూ అటే వెళ్ళాడు, కాఫీ మిషనూ అటే వెళ్ళింది, ఇక నా దగ్గర మిగిలింది ఉప్పు పళ్ళెం ఒక్కటే.

ఊరేగింపు బట్టల నియమాల్లో ఏడోది మళ్ళీ చదివాను. "రవిక లోపల ఈ కాలపు లోదుస్తులు ఉండరాదు. ఎదను రవికే మోయవలెను. ముందు కుట్టు నిటారుగా ఉండవలెను. తనిఖీలో మూడుసార్లు గెంతి చూపవలెను." ఎంత కఠినంగా, ఎంత అందంగా రాశారో. రాసింది నేనే. పన్నెండేళ్ళ కిందట, ఆర్కైవులో ఉద్యోగం, చేతిలో కొత్త డాక్టరేటు, కంటికి ఇంపైన ఒళ్ళు ఉన్న రోజుల్లో.

మే 5

రొట్టె మానేశాను.

మే 6

మానలేదు.

మే 9, శనివారం

ఎవరి సాయమూ లేకుండా కొత్త కొలత తీసుకుందామనుకున్నాను. పదిహేనో శతాబ్దపు దుస్తుల మీద నలభై పేజీల వ్యాసం రాసిన మనిషిని. అద్దం ముందు పాత దుప్పటి గుడ్డ చుట్టుకుని గుండుసూదులు పెట్టడం మొదలుపెట్టాను. చేయి ఎత్తితే ఎద ఎక్కుతుంది. చేయి దించితే దిగుతుంది. సూది మాత్రం గుచ్చిన చోటే ఉంటుంది, అంటే నా చర్మంలో.

తరవాత పాత బనీను మీద పార్సిల్ టేపు చుట్టే పద్ధతి. చుట్టడం బాగానే వచ్చింది. కత్తెర వంటింట్లో ఉండిపోయింది. నడుం వంగదు. అప్పుడే పార్సిల్ అబ్బాయి గంట కొట్టాడు. సంతకం పెట్టాను. అతను నన్ను చూసి, చేతిలో పెట్టె చూసి, "ఇది కూడా పంపాలా?" అన్నాడు.

నా వల్ల కాదని తేలింది. ఏ ఆడమనిషీ తనకు తాను ఈ రవిక కొలత తీసుకోలేదు. ఒకరు ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు బిగించాలి. నా నలభై పేజీల్లో ఈ ముక్క లేదు.

మే 10, ఆదివారం

కమిటీ సమావేశం. అధ్యక్షురాలు సెన్సీకి డెబ్భై నాలుగు. కసాయి కొట్టు మొగుడి తరవాత ముప్ఫై ఏళ్ళు తనే నడిపింది. మనిషిని చూడగానే ఎక్కడ ఎంత బరువో చెప్పేస్తుంది. అందరూ వెళ్ళాక నన్ను ఆపింది.

"డాక్టరమ్మా, నీ రవిక పట్టడం లేదు కదూ?"

"ఎవరు చెప్పారు?"

"నీ నడక చెప్పింది. కొర్డూలా దగ్గరకి వెళ్ళు. పట్నం నాటకశాలలో పదిహేనేళ్ళు రాణులకీ దయ్యాలకీ కుట్టిన చేయి."

"ఆమె రిజర్వు, సెన్సీ గారూ. నా రవిక పట్టకపోతే స్థానం ఆమెదే."

"అయితే ఏంటి? సూదులతో పొడుస్తుందా?"

"పొడవొచ్చు."

"పొడిస్తే గాలి తగ్గుతుందిలే. వెళ్ళు."

నేను ఈ స్థానం కోసం ఇంత పాకులాడేది కొర్బీనియన్ పక్కన, అంటే వెళ్ళిపోయిన ఆ మొగుడి పక్కన, నడవడానికి కాదు. ఊరేగింపులో అతనిది ఉప్పు తూకందారు వేషం కాబట్టి మొదటి ఉప్పుతల్లి పక్కన నడుస్తాడు. విడాకులయినా కమిటీ జంటల పట్టిక మార్చలేదు, అంతే. అతని కోసం కాదు.

మే 12

వెళ్ళను.

మే 16, శనివారం

వెళ్ళాను.

గుమ్మం దగ్గర అతని చెప్పులు. నేను కొన్నవే. మనిషిని బయటికి పంపించేసింది, ఎక్కడికో నేను అడగలేదు. కొర్డూలాకి ముప్ఫై తొమ్మిది. బల్ల మీద నార బట్ట పరిచి, నోట్లో ఐదారు సూదులు పెట్టుకుని, వాటి సందుల్లోంచే మాట్లాడుతుంది.

"పల్చటి చొక్కా ఒకటి ఉంచుకుని అన్నీ తీసేయండి."

తీసేశాను. మొగుడి కొత్త మనిషి ముందు, మధ్యాహ్నం ఎండలో. దేవుడనేవాడుంటే చాలా తీరిగ్గా ఉన్నాడు.

"ముందుకి వంగండి. చేతుల్తో ఎత్తి పట్టుకుని లేవండి. ఎక్కడ ఉంటే బావుంటుందో అక్కడ పట్టుకోండి."

"పద్దెనిమిదేళ్ళప్పుడు ఉన్న చోటా?"

"అంత దూరం వద్దండీ. మీ వయసుకి న్యాయంగా ఉండాల్సిన చోట."

పట్టుకుని నిలబడ్డాను. ఎద కింద పక్కటెముకల చుట్టూ బట్ట బిగించింది, పీపాకి పట్టీ దిగగొట్టినట్టు. మిగతా చోట్ల అంత బిగించలేదు. బలమంతా ఆ ఒక్క చోటే. అక్కణ్ణుంచి అరచేత్తో బట్టని పైకి దువ్వుకుంటూ, ముందు అంచు ఎటు పోతానంటే అటు పోనిచ్చింది. అంచు వంపు తిరిగింది. కింద లోపలికి, ఎద మీద బయటికి, మెడ దగ్గర మళ్ళీ లోపలికి.

"ఇప్పుడు చేతులు తీసేయండి."

తీశాను. పడలేదు. భుజాల మీద ముప్ఫై ఏళ్ళుగా ఉన్న బరువు ఎవరో వచ్చి దించుకుపోయినట్టు ఉంది. ఆ మాట పైకి అనలేదు. అన్నది వేరే.

"కుట్టు నిటారుగా ఉండాలి. ఇది వంపుగా ఉంది."

"మీరు నిటారుగా ఉన్నారా?"

"బార్బరా కుట్టు రాతి మీద నిటారుగానే ఉంది. నేనే కొలిచాను."

పెద్ద చర్చిలో సమాధి రాయి మీద చెక్కిన ఉప్పు బార్బరా గురించి. పదిహేనో శతాబ్దపు ఉప్పుతల్లి రూపం మా ఊళ్ళో మిగిలింది అదొక్కటే. నా డాక్టరేటు, నా పుస్తకం, ఏడో నియమం అన్నీ ఆవిడ ఎద మీదే నిలబడి ఉన్నాయి.

కొర్డూలా సూదులన్నీ నోట్లోంచి తీసి గిన్నెలో వేసింది. అప్పుడే భయం వేసింది.

"ఆవిడ తలకింద దిండు ఉంది కదండీ."

"ఉంది. కుచ్చుల దిండు. అయితే?"

"పడుకుని ఉందండీ. పడుకుంటే మనమందరం బార్బరాలమే. మోయడానికేం ఉంటుంది? నిలబడితే కదా బాధ."

ఆమె మళ్ళీ సూదులు అందుకుని, ఇంకేదో మామూలు సంగతి చెప్పినట్టు, "మీ ఎడమది వేలున్నర కిందకి ఉంది. రెండు పక్కలూ వేరే వేరేగా కత్తిరిస్తాను" అంది.

వేలున్నర! పంతొమ్మిదేళ్ళు కాపురం చేశాను. కొర్బీనియన్ సర్వేయరు. ఈ జిల్లాలో పొలం గట్టు సెంటీమీటరు జరిగినా పసిగడతాడు. నాతో ఒక్క మాట అనలేదు.

మే 17, ఆదివారం

ఆలోచిస్తే అంతా స్పష్టంగా ఉంది. వంపు కుట్టు నియమం ప్రకారం చెల్లదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. చెల్లని రవికని అద్భుతంగా కుట్టి నాకు తొడుగుతుంది. తనిఖీలో నేను తప్పుతాను. స్థానం ఆమెకి. ఎంత చక్కటి పథకం!

మరీ చక్కగా ఉంది. ఇంత చక్కటి పథకాలు చరిత్రకారుల బుర్రల్లోనే పుడతాయి, కుట్టేవాళ్ళకి అంత తీరిక ఉండదు. అయినా.

దిండు సంగతి అబద్ధమే అయ్యుండాలి.

మే 19, మంగళవారం

మధ్యాహ్నం భోజనం వేళ చర్చికి వెళ్ళాను. ఎవరూ లేరు. బార్బరాని చూశాను. పన్నెండేళ్ళలో ఈ మనిషిని దారంతో, అట్టముక్కతో, చివరికి అరచేత్తో కూడా కొలిచాను. తలకింద దిండు, దిండు నాలుగు మూలలా కుచ్చులు. కుచ్చుల్లో ఒక్కోదానికి ఎన్ని పోగులున్నాయో నా పుస్తకంలో ఉంది. దిండు ఎందుకుందో లేదు.

చుట్టూ చూసి, ఆవిడ పక్కన నేల మీద పడుకున్నాను. సంచీ తలకింద పెట్టుకున్నాను. లోపల బాడీ వేసుకోలేదు, శాస్త్రం కోసం. తల కొంచెం ఎత్తి చూసుకున్నాను. రెండూ చక్కగా, గుండ్రంగా, గొంతుకి దగ్గరగా, ఒకదాని జోలికి ఒకటి పోకుండా. అచ్చం బార్బరావే. వేలున్నర తేడా కూడా లేదు.

ఎంతసేపు అలా ఉన్నానో. చర్చి కాపలాదారు బక్కెట్టుతో వచ్చాడు.

"ఒంట్లో బాలేదా, డాక్టరమ్మా?"

"కొలతలు సరిచూసుకుంటున్నాను."

ఆయన నన్నూ బార్బరానీ చూసి, "నేల చల్లన, కింద ఏమైనా వేసుకోండి" అని బక్కెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

నవ్వొచ్చింది. తరవాత నవ్వు రాలేదు. ఊళ్ళో అరవై మంది ఆడవాళ్ళకి, శవానికి సరిపడే రవిక కుట్టించాను.

మే 20

ఇది ఒక్క రాయే కదా. ఇంకో రాయి దొరికితే నిటారు కుట్టు నిజమే కావచ్చు.

మే 21

ఇంకో రాయి లేదు.

మే 23, శనివారం

సెన్సీ ఇంట్లో తెల్ల సాసేజీలు. పన్నెండు గంటల చర్చి గంట కొట్టేలోపు తినేయాలని ఆవిడ పట్టుదల, కొట్టాక వాటిని ముట్టుకోదు. తియ్యటి ఆవ ముద్ద అందిస్తూ నా మొహం చూసింది. దిండు సంగతంతా చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. సాసేజీ తోలు ఒలుచుకుంటూ కూర్చుంది.

"నిటారు కుట్టు మోయదని మాకు మొదటి ఏడే తెలిసింది, డాక్టరమ్మా. ఊరేగింపు సగంలో నావి పొట్ట మీదకొచ్చి కూర్చున్నాయి."

"మరి తరవాత రెండుసార్లు? మూడుసార్లు గెంతారు కదా! నేనే లెక్కపెట్టాను."

"బాడీ వేసుకున్నాం."

"ఎవరు?"

"అందరం. పట్టీల మీద నార గుడ్డ కుట్టేసుకున్నాం. ఎర్నా అయితే రెండు వేసుకుంటుంది."

"అందరికీ తెలుసా?"

"నీకు తప్ప. చెబితే బాధపడతావని. అంత పుస్తకం రాసుకున్నావు."

అరవై మంది నా ముందు గెంతారు. నేను కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ, ఇదీ చరిత్రంటే అని మురిసిపోయాను. వాళ్ళు నన్ను మోశారు. రవికల కంటే గట్టిగా.

సెన్సీ చేతులు తుడుచుకుంది. "ఇప్పుడేం చేద్దామంటే, నీ పాత రవిక పక్కలు విప్పి రెండు పట్టీలు వేస్తాను. లోపల మంచి బాడీ. కుట్టు నిటారుగానే ఉంటుంది. తనిఖీ చేసేది మనమే. నీ పుస్తకం నిలుస్తుంది, నీ స్థానం నిలుస్తుంది, మిగతావి కూడా నిలుస్తాయి."

"అది మోసం కదా."

"మోసం కాదు, ఆచారం. ఎనిమిదేళ్ళయింది."

సరేనన్నాను. పాత రవిక ఆవిడకి ఇచ్చి వచ్చాను. కొర్డూలాకి ఫోన్ చేసి వద్దని చెప్పాలి.

మే 25

చెప్పలేదు.

మే 30, శనివారం

ఊరికే చూడ్డానికి వెళ్ళాను. కొత్త రవిక అయిపోయింది. ముందు కన్నాలన్నీ చేత్తో కుట్టింది, ఒకటే తాడు కిందనుంచి పైకి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ఆమె తాడు లాగుతుంటే అడిగేశాను.

"నాకెందుకు కుడుతున్నారు? ఇది పట్టకపోతే స్థానం మీదే కదా."

"నాకా? ఎండలో మూడు గంటలు ఆయన పక్కనా?" తాడు ఇంకో కన్నంలోంచి లాగింది. "బూట్లు కరుస్తున్నాయని ఒక గంట, టోపీ దురద అని ఒక గంట. మిగిలిన గంట సరిహద్దు రాళ్ళు ఎక్కడెక్కడ పాతించాడో చెబుతాడు. మీరు నాలుగుసార్లు ఎలా నడిచారు?"

"మూడుసార్లు."

"దండం పెట్టాలి."

"రిజర్వులో పేరు ఎందుకిచ్చారు మరి?"

ఆమె చేయి ఆగింది. "ఊళ్ళో రెండేళ్ళయింది. ఎవరూ పిలవరు. పట్టికలో ఏదో ఒక మూల పేరుంటే పిలుస్తారని." తరవాత ముడి వేసి, "గెంతండి" అంది.

గెంతాను. ఏమీ కదల్లేదు. ఊపిరి అడుగుదాకా వెళ్ళింది.

కొర్బీనియన్ పక్కన నడవడం కోసం కాదని ఈ డైరీలో రాశాను. అతని కోసమే. కొంత. మూడు గంటలపాటు ఊరంతా మమ్మల్ని జంటగా చూస్తుందని. ఎంత బుద్ధిలేని కోరిక. రాసేశాను గనక కొట్టేయను.

జూన్ 6, శనివారం

బీరువా తలుపుకి రెండు రవికలు వేలాడుతున్నాయి. సెన్సీ సరిచేసి పంపింది ఒకటి, కొర్డూలా కుట్టింది ఒకటి. మొదటిది వేసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. సెన్సీకీ నాకూ తప్ప. ఇన్నాళ్ళూ సరిగ్గా దీనికి ఎదురు, నాకు తప్ప అందరికీ తెలుసు.

జూన్ 7, ఆదివారం

టౌన్‌హాలు. చెక్క నేల. కమిటీ బల్ల వెనక నాతో కలిపి ఐదుగురు, గోడ వెంట అరవై మంది ఆడవాళ్ళు, రిజర్వు బెంచీ మీద కొర్డూలా ఒక్కతే. మొదటి ఉప్పుతల్లి కాబట్టి నా పేరే ముందు పిలిచారు. కమిటీ కుర్చీలోంచి లేచి బల్ల ఇవతలికి వచ్చాను. శాలువా తీశాను.

కమిటీలో మందుల షాపు లూయిట్‌పోల్డ్‌కి నియమాలంటే ప్రాణం. కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ముందు కుట్టు వంపుగా ఉంది."

సెన్సీ నన్ను చూసింది, ఆ పాతది ఏమైందే అన్నట్టు. లూయిట్‌పోల్డ్ ఏడో నియమం గట్టిగా చదివాడు. నా వాక్యాలు నాకే వినిపించాడు. చాలా బాగా రాశాను.

"ఇది చెల్లదు, డాక్టర్ గారూ. మీరే రాశారు."

"నేనే రాశాను. తప్పు రాశాను." గోడ దాకా వినపడేలా మళ్ళీ చెప్పాను. "బార్బరా తలకింద దిండు ఉంది. ఆవిడ పడుకుని ఉంది. నేను పడుకున్న మనిషిని కొలిచి నిలబడేవాళ్ళకి నియమం రాశాను. పన్నెండేళ్ళు చూడలేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బావుండేది.

లూయిట్‌పోల్డ్ వదల్లేదు. "నిటారు కుట్టు మోయదంటారా? మరి వీళ్ళంతా మూడుసార్లు తనిఖీలో ఎలా నెగ్గారు? మీరే కదా గెంతించింది!"

అందరూ నన్నే చూస్తున్నారు. ఎర్నా చేతులు చంకల్లో దాచుకుంది. ఒక్క మాట అంటే నా తప్పులో అరవై మందికి వాటా వస్తుంది. నేను పైకప్పు దూలాలు చూస్తూ, "నా లెక్క సరిగ్గా లేదనుకుంటా" అన్నాను.

అప్పుడు సెన్సీ లేచింది. మెడ దగ్గర వేలు దూర్చి, నార గుడ్డ కింద దాగిన పట్టీ ఒకటి బయటికి లాగి వదిలింది. టప్‌మని హాలంతా వినిపించింది.

"ఇలా నెగ్గాం, లూయిట్‌పోల్డూ."

తరవాత గోడ వెంట ఇంకో టప్. ఇంకోటి. ఎర్నా దగ్గర రెండు. వడగళ్ళు పడ్డట్టు అరవై పట్టీలు. ఆయన నియమాల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"డాక్టరమ్మా," సెన్సీ గొంతు, "గెంతు."

గెంతాను. మూడుసార్లు. చెక్క నేల దద్దరిల్లింది.

"ఏదీ కదల్లేదు," సెన్సీ రాసుకుంది, "లూయిట్‌పోల్డ్ కళ్ళు తప్ప. చేతులెత్తండి."

ముగ్గురు ఎత్తారు. ఆయన ఎత్తలేదు. నాకు ఓటు లేదు. నెగ్గాను.

గోడ దగ్గరనుంచి ఎర్నా అరిచింది, "ఆ వంపు నాకూ కావాలి! ఎవరు కుట్టారు?"

నేను రిజర్వు బెంచీ వైపు చూపించాను. ఎర్నా అప్పటికే అటు నడుస్తోంది.

జూన్ 8

కొత్త ఏడో నియమం: "ముందు కుట్టు ఆ మనిషి ఎటు తిరిగితే అటు తిరగవలెను. ఎవరి కొలత వారు తీసుకోరాదు. ఇంకొకరి చేతులు ఉండవలెను." చివరి వాక్యం మరీ మెత్తగా ఉందేమో. ఉండనీ.

జూన్ 13, శనివారం

టౌన్‌హాల్లో అందరూ జంటలు జంటలుగా. ఒకరు ఎత్తి పట్టుకుంటారు, ఇంకొకరు బిగిస్తారు, కొర్డూలా నోట్లో సూదులతో అటూ ఇటూ తిరుగుతూ సరిచేస్తుంది. నలుగురు భోజనానికి పిలిచారట. చివరికి ఆమెకే రవిక లేదు. నన్ను పిలిచింది.

"మీరు పట్టండి. నా చేతులు అందవు."

"నాకు కుట్టు రాదు."

"కొలవడం వచ్చు కదా. ఈసారి నిలబడ్డ మనిషిని కొలవండి."

ఆమె ఎత్తి పట్టుకుంది. నేను పక్కటెముకల దగ్గర బిగించి, అరచేత్తో పైకి దువ్వాను. అంచు తనంతట తనే వంపు తిరిగింది. చేతులు తీసేయమన్నాను. కొంచెం దూరంగా వెళ్ళి చూశాను. మళ్ళీ చూశాను.

"ఏంటి?"

"కుడిది. వేలు కిందకి ఉంది."

"అబద్ధం!"

"సూది పెట్టి చూపించమంటారా?"

ఆమె అద్దంలో చూసుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. "ఆయన ఎప్పుడూ అనలేదు."

"నాతోనూ అనలేదు."

ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆమెకి సూదులు గుచ్చుకున్నాయి, అరుస్తూ నవ్వింది. "ఇంత దూరం వచ్చాక ఇంకా మీరేంటి," అంది, "నువ్వను."

జూన్ 28, ఆదివారం

ఊరేగింపు. ఎండ. ఉప్పు పళ్ళెం రెండు చేతులతో. కొర్బీనియన్ పక్కనే. బూట్లు కరుస్తున్నాయి. టోపీ దురద. చేపల వంతెన దాటాక నా వైపు తిరిగి చాలాసేపు చూశాడు.

"నీ డ్రస్సు ఈసారి ఏదో తేడాగా ఉంది."

"ఏం తేడా?"

కళ్ళు చిట్లించాడు, సరిహద్దు రాయి వెతికినట్టు. "రంగా?"

అదే రంగు. పన్నెండేళ్ళుగా అదే రంగు. వంతెన ఇరుకులో వరసలు దగ్గరపడి, ఎర్నా బాతుల పక్కన నడిచే కొర్డూలా కొత్త రవికలో మా వెనకకే వచ్చేసింది. నాకు వినిపించేలా దగ్గింది.

"అవును," అన్నాను, "రంగే."